ఒక ఫైలు, మూడు కాపురాలు: గ్రెప్, ఆక్, సెడ్ ల కథ

లినక్స్ మీద ఎప్పుడైనా సోర్సు నుంచి ప్యాకేజీ కంపైలు చేసినవాళ్ళకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. టార్ ఫైలు విప్పుతాం, కాన్ఫిగర్ స్క్రిప్టు నడుపుతాం, అది కాసేపు గొణిగి "కెనాట్ గెస్ బిల్డ్ టైప్" అని చేతులెత్తేస్తుంది. ఇదే మెషీను అని నాకు తెలుసు, నీకు తెలుసు, దానికి మాత్రం తెలీదు!

ఆ మాట అంటున్నది కాన్ఫిగ్.గెస్ అనే చిన్న షెల్ స్క్రిప్టు. ఏ ప్రాసెసరు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని కనిపెట్టడమే దాని పని. 1992 లో పెర్ బోత్నర్ రాశాడు, 2000 నుంచి బెన్ ఎలిస్టన్ చూసుకుంటున్నాడు. ఈ వివరాలు ఆ ఫైలు నెత్తి మీదే రాసుంటాయి. అసలు ప్రతి ఒక్కటే. కానీ దాన్ని ఎవరూ లైబ్రరీలాగా వాడరు, తమ ప్యాకేజీలోకి కాపీ చేసుకుంటారు. ఏ ఏడాది కాపీ చేసుకుంటే ఆ ఏడాదికి దాని జ్ఞానం ఆగిపోతుంది. 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్ల గురించి అసలు ప్రతికి 2012 లో తెలిసింది. అంతకుముందు కాపీ చేసుకున్న ప్యాకేజీలకి తెలీదు. ఆ తర్వాత రిస్క్-ఫైవ్ వచ్చింది, మళ్ళీ అదే గోల. చివరికి డెబియన్ వాళ్ళు విసిగిపోయి, ప్యాకేజీ కట్టే ముందు ఈ ఫైలు పాత కాపీ తీసేసి కొత్తది పెట్టే పనిని తమ పరికరాల్లోనే ఇరికించేశారు.

ఇది సులువైన కేసు. ఎందుకంటే కాపీ చేసుకున్నవాళ్ళు ఎవరూ ఆ ఫైలుని మార్చరు. పాతది తీసి కొత్తది పెడితే చాలు. అసలు కష్టం కాపీ చేసుకున్న ప్రతివాడూ తన అవసరం కొద్దీ దాన్ని దిద్దుకున్నప్పుడు మొదలవుతుంది.

కడపలో బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి, 1829 లో అచ్చు వేయించాడని మనందరం చదువుకున్నాం. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట. పాఠాంతరాలు అంటారు వాటిని. బ్రౌన్ కి ఒక సౌకర్యం ఉంది. ఆ ప్రతులు రాసిన లేఖకుల్లో చాలామంది వచ్చి "నా పాఠమే సరైనది, నీదెందుకు ఉంచాలి" అని వాదించే అవకాశం లేదు. ప్రోగ్రామింగ్ లో లేఖకులందరూ బతికే ఉంటారు. అందరి దగ్గరా ఈమెయిల్ ఉంటుంది. పైగా చాలాసార్లు, వాళ్ళ వాళ్ళ లెక్కలో, అందరూ కరెక్టే.

సరే, అసలు కథకొద్దాం. కథానాయకుడి పేరు డీఎఫ్ఏ.సి.

1988 జూన్ లో మైక్ హేర్టెల్ అనే అతను గ్నూ ప్రాజెక్టు కోసం గ్రెప్ రాస్తూ ఈ ఫైలు రాశాడు. డీఎఫ్ఏ అంటే మనం కంపైలర్ డిజైన్ పేపర్లో చదివి మర్చిపోయిన డిటర్మినిస్టిక్ ఫైనైట్ ఆటోమేటన్. మీరిచ్చిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ని ఒక పెద్ద పట్టికగా మార్చేస్తుంది. తర్వాత ఫైల్లో ఒక్కో బైటు చదవడం, పట్టికలో తర్వాతి గడికి దూకడం, అంతే. వెనక్కి తిరిగి చూసే పని లేదు. ముందెప్పుడో దొరికిన ముక్క మళ్ళీ ఇక్కడ రావాలి అనే బ్యాక్ రిఫరెన్సు లాంటివి పట్టికకి లొంగవు కాబట్టి, అలాంటివి వచ్చినప్పుడు మాత్రం నెమ్మదిగా నడిచే మామూలు రెజెక్స్ కోడుకి అప్పజెబుతుంది. గ్రెప్ వేగానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

(ఒక పిట్టకథ. మరుసటి నెలలోనే ఈ ఫైలుకి మార్పులు చేశాడని అందులో పేరున్న మనిషి ఆర్థర్ డేవిడ్ ఓల్సన్. టైమ్ జోన్ డేటాబేస్ మొదలుపెట్టింది ఈయనే. మీరు సర్వర్ల మీద సెట్ చేసే ఏషియా/కోల్‌కతా అందులోదే. ఆ డేటాబేస్ ని తర్వాత చేపట్టిన పాల్ ఎగర్ట్ ఈ కథలో కూడా వస్తాడు. ఎవరూ పట్టించుకోని పనులు ఎప్పుడూ ఆ పదిమందే చేస్తుంటారేమో.)

గ్నూలో ఆక్ కూడా ఉంది, గాక్ అంటారు. దానికీ ప్రతి లైన్లో పేటర్న్ ఉందా లేదా అని చూడటమే ముఖ్యమైన పని. కాబట్టి డీఎఫ్ఏ.సి ని అది కూడా తెచ్చుకుంది. ఉందా లేదా అన్న ప్రశ్నకి డీఎఫ్ఏ, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయింది అన్నదానికి రెజెక్స్. మంచి ఏర్పాటు. తెచ్చుకుంది అంటే కాపీ చేసుకుంది అని అర్థం. 1988 నాటికి గిట్ లేదు, సబ్ మాడ్యూలు లేదు, ప్యాకేజీ మేనేజర్లూ లేవు.

ఎందుకు లైబ్రరీగా విడదీయలేదు అని ఇప్పటి కుర్రాళ్ళు అడుగుతారు. నేనూ అడిగేవాణ్ణే. దానికి గట్టి కారణముంది. కాన్ఫిగర్ స్క్రిప్టు నడవాలంటే గ్రెప్ కావాలి, సెడ్ కావాలి, చాలాచోట్ల ఆక్ కావాలి. అంటే ఏ లైబ్రరీనైనా కట్టాలంటే ముందు ఇవి ఉండాలి. ఇప్పుడు వీటికే ఒక లైబ్రరీ ముందు కావాలి అంటే కోడి ముందా గుడ్డు ముందా అని తేలదు. ఇలాంటి పునాది ప్రోగ్రాములు తమకి కావాల్సిన సరంజామా అంతా తమ మూటలోనే కట్టుకుని రావాలి. కాబట్టి కాపీ చేసుకోవడం బద్ధకం కాదు, అవసరం.

కాపీలు రెండయ్యాక ఏమవుతుందో మనకి తెలుసు. గ్రెప్ వైపు ఒక బగ్గు సరిచేస్తారు, గాక్ లో అది అలాగే ఉంటుంది. గాక్ వైపు ఆర్నాల్డ్ రాబిన్స్ ఇంకోటి సరిచేస్తాడు, అది గ్రెప్ కి చేరుతుందో లేదో. దశాబ్దాలుగా గాక్ ని మోస్తున్న మనిషి ఆయన. వీఎంఎస్ లాంటి పాత సిస్టమ్స్ మీద కూడా అది కంపైలు అవ్వాలని ఆయన పట్టుదల. అందుకని గాక్ కాపీలో గాక్ కి మాత్రమే పనికొచ్చే షరతులు చేరాయి. ఒక మాక్రో పేరైతే ఏకంగా "లిబ్‌సీ ఈజ్ బోర్క్‌డ్". అంటే "సిస్టమ్ సీ లైబ్రరీ తగలడిపోయింది, అందుకే నేనిలా రాస్తున్నా" అని :) కోడులో కోపం కూడా కాపీ అవుతుంది.

రెండు కాపీలూ ఒకేలా ఉండకపోతే నష్టమేంటి? ఎవరి ప్రోగ్రాము వాళ్ళది కదా? దీనికి రెండు ఉదాహరణలు చెప్తాను. రెండూ వాడేవాళ్ళకి నేరుగా తగిలినవే.

మొదటిది మనలాంటి భాషలవాళ్ళది. 1988 లో అక్షరం అంటే ఒక బైటు. యూటీఎఫ్-8 లో తెలుగు అక్షరాలు, గుణింతాలు, పొల్లు ప్రతిదానికీ మూడేసి బైట్లు. "క" అంటే మూడు బైట్లు, "కి" అంటే ఆరు. ఒక్కో బైటుకి ఒక్కో గడి దూకే పట్టిక ఇక్కడ తడబడుతుంది. చుక్క పెడితే ఒక అక్షరం రావాలి, బైటు కాదు. మొదట్లో దీన్ని సరిగ్గా చెయ్యడానికి వేగాన్ని పూర్తిగా వదులుకున్నారు. 2000 ల మధ్యలో యూటీఎఫ్-8 లొకేల్ లో గ్రెప్ నత్తలా నడిచేది. లొకేల్ ని సీ కి మార్చి వాడండి అనే చిట్కా అప్పట్లో అందరి నోటా ఉండేది. డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళు ఎవరి ప్యాచీలు వాళ్ళు వేసుకున్నారు. అంటే ఇప్పుడు కాపీలు రెండు కాదు, రెడ్ హ్యాట్ గ్రెప్ వేరు, డెబియన్ గ్రెప్ వేరు. చివరికి జిమ్ మేయరింగ్, పాలో బోన్జినీ గ్రెప్ బాధ్యత తీసుకుని, ఆ బూజు దులిపి 2010 లో 2.6 విడుదల చేశారు. యూటీఎఫ్-8 లో చుక్కని మళ్ళీ బైట్ల పట్టికగానే మార్చే తెలివి కూడా ఆ రోజుల్లో డీఎఫ్ఏ.సి లో చేరిందే. మంచిదే. మరి గాక్ సంగతి? మళ్ళీ ఎవరో ఒకరు కూర్చుని తేడాలు చూసి, ఏది ఉంచాలి ఏది తియ్యాలి అని చేత్తో కలపాలి.

రెండోది ఇంకా ప్రమాదకరం. బ్రాకెట్లలో చిన్న ఏ నుంచి చిన్న జెడ్ దాకా అని రాస్తే చిన్నబడి అక్షరాలే రావాలని ఎవరైనా అనుకుంటారు. కానీ పాజిక్స్ ప్రమాణం ఒక దశలో దీన్ని లొకేల్ వరసకి ముడిపెట్టింది. ఇంగ్లీషు లొకేల్ వరసలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిసిపోయి ఉంటాయి, నిఘంటువులోలాగా. దాంతో చిన్నబడి అడిగితే పెద్దబడి కూడా వచ్చేది. ఒకే పేటర్న్, ఒకే ఫైలు, గ్రెప్ లో ఒక జవాబు, ఆక్ లో ఇంకో జవాబు, షెల్ లో మూడోది. ఫైళ్ళు తుడిచే ఆజ్ఞలో ఆ పేటర్న్ ఉందనుకోండి, ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. పాజిక్స్ వాళ్ళే 2008 లో మాట మార్చి, సీ లొకేల్ బయట ఇది అనిర్దిష్టం అన్నారు. రాబిన్స్ 2011 లో గాక్ 4.0 తో పాత పద్ధతికి వెళ్ళిపోయాడు. గాక్ మాన్యువల్లో ఈ గొడవ మీద ఏకంగా ఒక విభాగమే రాశాడు, శీర్షికలోనే ఇదొక సుదీర్ఘ విషాద గాథ అని పెట్టి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆ దారికొచ్చారు.

అంటే ఒక ఫైలు రెండు చోట్ల ఉండటం కేవలం శుభ్రత సమస్య కాదు. పేటర్న్ కి అర్థం ఏంటి అన్న నిర్ణయం రెండు చోట్ల జరుగుతోంది అని అర్థం.

ఈ రోగం గ్రెప్, గాక్ లకే పరిమితం కాదు. గ్నూలో ఫైల్యుటిల్స్, షెల్యుటిల్స్, టెక్స్ట్‌యుటిల్స్ అని మూడు ప్యాకేజీలు ఉండేవి. ఎల్ఎస్, సీపీ, సార్ట్ లాంటివన్నీ వాటిలోవే. మూడింటికీ లిబ్ అని ఒక డైరెక్టరీ, మూడింట్లోనూ దాదాపు అవే ఫైళ్ళు. మూడింటినీ చూసేది మేయరింగ్ ఒక్కడే కాబట్టి, 2002-2003 లో వాటిని కలిపి కోర్‌యుటిల్స్ చేసేశాడు. మూడిళ్ళకీ యజమాని ఒకడే అయితే గోడ పగలగొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గ్రెప్, గాక్, టార్, సెడ్ లకి యజమానులు వేరు. వాటిని కలపలేరు. ఇక్కడే గ్నూలిబ్ వచ్చింది.

గ్నూలిబ్ ఒక వింత సరుకు. పేరులో లైబ్రరీ ఉంది గానీ ఇది ఇన్‌స్టాల్ చేసుకునే లైబ్రరీ కాదు, లింకు చెయ్యడానికి ఏమీ ఉండదు. మామూలు ప్రాజెక్టుల్లాగా టార్ ఫైళ్ళు విడుదల చెయ్యడం కూడా దాని పద్ధతి కాదు. ఇది కాపీ చేసుకోవడానికే ఉన్న కోడు. ప్రతి మాడ్యూలుకి ఒక చిన్న వివరణ ఫైలు ఉంటుంది. ఏ ఏ ఫైళ్ళు కావాలి, ఇంకే మాడ్యూళ్ళ మీద ఆధారపడింది, లైసెన్సు ఏది, చూసుకునేవాళ్ళెవరు అని. గ్నూలిబ్-టూల్ అనే స్క్రిప్టు అవన్నీ చూసి మీ ప్రాజెక్టులోకి ఫైళ్ళు తెచ్చి పెడుతుంది. లైసెన్సు చిన్న విషయం కాదు. జీపీఎల్ ఫైలుని పొరపాటున ఎల్‌జీపీఎల్ లైబ్రరీలోకి లాగితే కోర్టు దాకా పోగల వ్యవహారం, అందుకని ఆ స్క్రిప్టు దాన్ని కూడా కాపలా కాస్తుంది.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, కాపీలు మానెయ్యండి అని వాళ్ళు ఎవరికీ నీతులు చెప్పలేదు. కాపీలు పెట్టుకోండి, మీ మూటలోనే తీసుకెళ్ళండి. కానీ ఆ కాపీని మీ ఇంట్లో దిద్దకండి. దిద్దుబాటు ఏదైనా ఉంటే ఇక్కడికి తెండి, ఇక్కడ ఒప్పుకున్నాక మళ్ళీ కాపీ చేసుకోండి. వదులుకోమన్నది కాపీని కాదు, దిద్దే హక్కుని. ఉమ్మడి బావిలో నీళ్ళు ఎవరింటికి వాళ్ళు మోసుకెళ్ళొచ్చు, బావిలో ఏం కలపాలన్నది మాత్రం నలుగురూ కలిసి తేల్చాలి.

చెప్పినంత తేలికేం కాదు. రెజెక్స్ కోడునే చూడండి. దాని ప్రతి ఒకటి గ్లిబ్‌సీలో ఉంది (2002 లో ఇసాము హసెగావా తిరగరాసింది), ఇంకోటి గ్నూలిబ్ లో. గ్లిబ్‌సీకి వేరే మనుషులు, వేరే పద్ధతులు. ఇక్కడ సరిచేసిన బగ్గులు అక్కడికి వెళ్ళడానికి ఏళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. మధ్యలో పాల్ ఎగర్ట్ లాంటివాళ్ళు అటూ ఇటూ ప్యాచీలు మోస్తుంటారు. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో చిన్న కోడలి ఉద్యోగం అది.

డీఎఫ్ఏ.సి మాత్రం పుట్టిన 28 ఏళ్ళకి, 2016 లో గ్రెప్ నుంచి గ్నూలిబ్ కి మారింది. మార్చడం అంటే ఫైలుని ఒక డైరెక్టరీ నుంచి ఇంకో డైరెక్టరీకి జరపడం కాదు. ముందు దాన్ని పదిమందికి పనికొచ్చేలా చెయ్యాలి. గ్రెప్ ఒక్కదానికోసం రాసిన కోడు కాబట్టి నిండా గ్లోబల్ వేరియబుల్సే. వాటన్నిటినీ అదే ఏడాది ఏరి ఒక స్ట్రక్చర్ లో పెట్టారు. లొకేల్ గోల అంతా విడిగా ఒక ఫైల్లోకి తీశారు. ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలి, వార్నింగ్ వస్తే ఏం చెయ్యాలి అన్న ఫంక్షన్లు ముందునుంచీ పిలిచేవాడి బాధ్యతే. అది మంచి నిర్ణయం. గ్రెప్ కి తప్పుగా కనిపించేది ఆక్ కి తప్పు కాకపోవచ్చు.

ఫలితం వెంటనే కనిపించింది, అదీ ఎవరూ పెద్దగా అనుకోని చోట. అన్నాళ్ళూ సెడ్ ఈ పట్టిక వేగం లేకుండా మామూలు రెజెక్స్ తోనే నెట్టుకొచ్చింది. 2016 డిసెంబరులో వచ్చిన సెడ్ 4.3 దీన్ని గ్నూలిబ్ నుంచి తెచ్చుకుంది. విడుదల నోట్సులో పేటర్న్ వెతకడం మామూలుగా 10 రెట్లు వేగం అని రాసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు పక్కింట్లో ఉన్న వస్తువు!

గాక్ ఏం చేసిందంటారా? రాబిన్స్ గ్నూలిబ్-టూల్ వాడడు. గాక్ లో సపోర్ట్ అని ఒక డైరెక్టరీ ఉంటుంది, అందులోకి డీఎఫ్ఏ.సి, రెజెక్స్, ఇంకొన్ని ఫైళ్ళు తెచ్చి పెట్టుకుంటాడు. మొండితనం అనుకునేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా అనను. కారణం 2024.

2024 మార్చి 29 న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్, తన మెషీన్లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందేంటని తవ్వి, ఎక్స్‌జెడ్ లో దొంగతలుపు పట్టుకున్న సంగతి మనందరికీ తెలుసు. 5.6.0, 5.6.1 వెర్షన్లు. వార్తల్లో అందరూ మాట్లాడింది అలిసిపోయిన మెయింటెయినర్ గురించి, నమ్మకం సంపాదించి మోసం చేసిన మారుపేరు మనిషి గురించి. ఆ తలుపు గొళ్ళెం ఎక్కడ పెట్టారు అన్నది తక్కువమంది పట్టించుకున్నారు. బిల్డ్-టు-హోస్ట్.ఎం4 అనే ఫైల్లో. ఆ ఫైలు ఎక్కడిదీ? గ్నూలిబ్ ది. గెట్‌టెక్స్ట్ ద్వారా ఊళ్ళన్నీ తిరిగే ఫైలు.

గిట్ లో అది లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లో మాత్రమే ఉంది. అందులో అనుమానించడానికి ఏమీ లేదు, ఇలాంటి తెచ్చిపెట్టిన ఫైళ్ళు గిట్ లో పెట్టకపోవడం చాలామందికి అలవాటే. ఎం4 ఫైళ్ళ మొదట్లో సీరియల్ నంబరు ఒకటి ఉంటుంది. రెండు కాపీలు ఎదురైతే ఏది కొత్తదో తేల్చడానికి పెట్టుకున్న ఏర్పాటు. గ్నూలిబ్ అసలు ప్రతిలో అప్పటికి ఆ నంబరు 3. దొంగ ప్రతిలో 30. కాపీల తగాదా తీర్చడానికి పెట్టిన అంకెనే తన ప్రతి గెలవడానికి వాడుకున్నాడన్నమాట.

గ్నూలిబ్ ఒప్పందంలో ఉన్న చిల్లు ఇదే. కాపీని దిద్దే హక్కు వదులుకున్నాక దాన్ని చదివే అలవాటు కూడా పోతుంది. పైనుంచి వచ్చిందే కదా, మనది కాదు కదా అని అందరూ దాటుకుంటూ వెళ్ళిపోతారు. డెబియన్ విధానంలో ఇతరుల కోడుని కడుపులో దాచుకున్న ప్యాకేజీలు ఆ కాపీని వాడకూడదు అని ఉంది. 2002 లో జడ్‌లిబ్ లో మెమరీని రెండుసార్లు ఫ్రీ చేసే బగ్గు దొరికినప్పుడు, ఎవరెవరి కడుపులో దాని కాపీ ఉందో వెతకలేక చచ్చారు. లినక్స్ కెర్నల్ లో కూడా ఉండేది. అలాంటి అనుభవాల వల్లే ఈ పట్టింపు. కానీ కాపీ చేసుకోవడానికే తయారైన కోడుకి మినహాయింపు ఉంది. ఫెడోరా కూడా గ్నూలిబ్ కి మినహాయింపు ఇచ్చింది. తప్పనిసరి మినహాయింపే, కోడి-గుడ్డు తగాదా ఇంకా అలాగే ఉంది మరి. అయితే టార్ ఫైల్లో ఉన్న కాపీ, గ్నూలిబ్ లో ఉన్న ప్రతి ఒకటేనా కాదా అని అక్షరం అక్షరం పోల్చి చూసే పని ఎవరిదీ అన్నది ఆ ఒప్పందంలో రాసుకోలేదు. ఆ పోలిక ఏమంత కష్టం కాదు, ఒక డిఫ్ చాలు.

ఫైళ్ళని చేత్తో తెచ్చుకుని, తన రిపాజిటరీలోనే అందరికీ కనబడేలా పెట్టుకుంటాడు కాబట్టే రాబిన్స్ పద్ధతి మీద నా అభిప్రాయం మారింది. అదొక్కటే ఎక్స్‌జెడ్ లాంటిదాన్ని ఆపేస్తుందని కాదు, కానీ కనీసం తేడా ఉంటే గిట్ లాగ్ లో కనపడుతుంది.

మీ దగ్గర లినక్స్ మెషీన్ ఉంటే గ్రెప్ ని వెర్షన్ అడిగి చూడండి. రాసింది మైక్ హేర్టెల్, ఇంకా ఇతరులు అని చెప్తుంది. తర్వాత సెడ్ ని అడగండి. జే ఫెన్లాసన్, టామ్ లార్డ్, ఇంకొందరి పేర్లు చెప్తుంది. అందులో హేర్టెల్ పేరు ఉండదు. 1988 జూన్ లో అతను మొదలుపెట్టిన ఫైలు మాత్రం 4.3 నుంచి సెడ్ లో కూడా నడుస్తోంది.